మొదట ఎవరికి చెప్పారు? జూదంపై పరిశోధనకు ఫెలోషిప్ అడిగిన ఒక విద్యార్థిని కేసు

ఆమె నా దగ్గరికి తెచ్చిన మొదటి దరఖాస్తు పద్నాలుగు పేజీలు. చదువుతుంటే గొంతు పట్టేసింది. కానీ ఆ పద్నాలుగు పేజీల్లో ఎక్కడా ఒక్క ప్రశ్న లేదు. జూదం కొంపలు ముంచుతోందని, యువత మేలుకోవాలని, ప్రభుత్వం కళ్లు తెరవాలని ఉంది. అన్నీ నిజాలే. అయినా ఆ కాగితాలకు ఎవరూ ఫెలోషిప్ ఇవ్వరని అప్పుడే అర్థమైంది. ఆ మాట ఆమెకు చెప్పడానికి మాత్రం నాకు వారం పట్టింది.

నేను చంద్రపూర్ జిల్లాలో సోషల్ వర్క్ పాఠాలు చెబుతాను. గురువారం సాయంత్రాలు వ్యసనాల వల్ల నలిగిపోయిన కుటుంబాలతో కూర్చుంటాను. పరిశోధన చేయాలనుకునే పిల్లలకు దరఖాస్తులు రాయడంలో సాయం చేయడం చాలా ఏళ్లుగా ఉన్న పని. ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకుంది. చదివి రెండు చోట్ల మార్పించింది కూడా. ఊరు, నెలలు, కుటుంబ వివరాలు మార్చాను. ఇంట్లో జూదం ఆడిన మనిషి ఆమెకు ఏమవుతారో చెప్పను. ఆ బంధుత్వం చెబితే మా దగ్గర చాలామంది ఆ ఇంటిని గుర్తుపట్టేస్తారు.

నేపథ్యం

బల్లార్‌పూర్, రాజురా, ఘుగుస్ బొగ్గుగనుల చుట్టూ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఎక్కువమంది కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి గనిపనికి వచ్చినవాళ్లు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. పక్కన గడ్చిరోలి జిల్లాలో సిరోంచ ఉంది. కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటితే అదే. అక్కడి తెలుగువాళ్లు వలస వచ్చినవాళ్లు కాదు, తరతరాలుగా ఆ నేల మీద ఉన్నవాళ్లే. ఈ తేడా ఇప్పుడు చిన్నదిగా కనిపించవచ్చు. ముందుకు వెళ్లేసరికి ఇదే మూడు నెలలు మింగింది.

ఇక్కడ ఆటలకు కొదవ లేదు. నంబర్ల మీద పందెం కాసే మట్కాను మా వైపు సట్టాపట్టీ అంటారు. దాని మొదలు ముంబైలో. న్యూయార్క్ పత్తి బజారు తెరిచినప్పటి ధర, మూసినప్పటి ధర తంతి ద్వారా వచ్చేవి, వాటి మీద పందేలు కాసేవాళ్లు. 1961లో ఆ ధరలు రావడం ఆగిపోయినా ఆట ఆగలేదు. అందుకే ఇప్పటికీ నంబర్ రాయించేవాళ్ల నోట ‘ఓపెన్’, ‘క్లోజ్’ అన్న మాటలే వినిపిస్తాయి. అడవి అంచు ఊళ్లలో కోంబడా బజార్ అనే కోడిపందేలు ఉన్నాయి. పండగ రాత్రుల్లో మూడు ముక్కలు. చివరగా వచ్చింది ఫోన్‌లో రమ్మీ.

ఆమె గని కార్మికుడి మనవరాలు, ఇంట్లో పీజీ చదివిన మొదటి మనిషి. సోషల్ వర్క్‌లో పీహెచ్‌డీకి నమోదు చేసుకుంది. ట్యూషన్లు చెప్పుకుంటూ చదువుతోంది. ఫెలోషిప్ రాకపోతే చదువు మానేసి ఏదైనా ఉద్యోగం చూసుకోమని ఇంట్లో ఏడాది గడువు పెట్టారు. అంటే నా ముందున్నవి రెండు సమస్యలు. ఒకటి దరఖాస్తు. రెండోది, దరఖాస్తు బాగుపడేదాకా ఆ అమ్మాయి నిలబడగలదా అన్నది.

మొదటి దరఖాస్తు

పేరు ‘గ్రామీణ సమాజంపై జూదం ప్రభావం: ఒక అధ్యయనం’. మొదటి పేరాలోనే తన ఇంటి కథ. మూడో పేజీలో తమ కాలనీలో మగవాళ్లలో సగానికి పైగా ‘జూద వ్యసనపరులు’ అని రాసింది. లెక్క ఎక్కడిదని అడిగాను. “అందరూ ఆడుతున్నారు కదా మేడమ్” అంది.

అక్కడి నుంచే మొదలుపెట్టాం. ఆడే ప్రతి మనిషీ రోగి కాడు. అమెరికా మానసిక వైద్యుల డీఎస్ఎం-5 పుస్తకం 2013లో జూద రుగ్మతను మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాలున్న అధ్యాయంలోకి చేర్చింది. తొమ్మిది లక్షణాల్లో పన్నెండు నెలల వ్యవధిలో కనీసం నాలుగు కనిపిస్తేనే ఆ పేరు పెట్టాలి. జనాభా సర్వేలకు 2001లో కెనడాలో తయారైన పీజీఎస్ఐ అనే తొమ్మిది ప్రశ్నల కొలత ఉంది. దానికి 27 మార్కులు. 8, ఆపైన వస్తే సమస్యాత్మక జూదం. 3 నుంచి 7 దాకా మధ్యస్థ ప్రమాదం, 1, 2 వస్తే తక్కువ ప్రమాదం. పండగ రాత్రి వంద రూపాయలు పోగొట్టుకుని నిద్రపోయే మనిషినీ, బిడ్డ ఫీజు డబ్బులు నంబర్ మీద పెట్టిన మనిషినీ ఒకే మాటతో పిలిస్తే, సాయం ఎవరికి కావాలో చెప్పలేం. ఇదంతా ఆమె వెంటనే పట్టుకుంది. ఆ వారంలోనే ‘సగానికి పైగా’ అన్న వాక్యం కొట్టేసింది.

నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది. ఆమె ఇంటి కథను పూర్తిగా తీసేయమన్నాను. కమిటీలకు కన్నీళ్లు అక్కర్లేదు, పరిశోధకురాలు దూరంగా నిలబడాలి అన్నాను. ఆమె మారు మాట్లాడకుండా తీసేసింది. ఆ తీసివేత ఎంత నష్టం చేసిందో చాలా తర్వాత తెలిసింది.

గడువు దగ్గర పడటంతో అరకొర మార్పులతోనే దరఖాస్తు వెళ్లింది. తిరస్కరించారు. కారణం ఒక్క ముక్కలో ఉంది: పరిశోధన ప్రశ్న స్పష్టంగా లేదు. ఆ మాట న్యాయమైనదే.

అర్హతల దగ్గర పోయిన మూడు నెలలు

పెద్ద మొత్తం ఇచ్చే ఫెలోషిప్పుల్లో ఒకటి యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) వాళ్ల జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్. 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. దానికి నెట్ పరీక్షలో పైస్థాయి మార్కులు కావాలి. ఆమె నెట్ పాసైంది కానీ జేఆర్ఎఫ్ కటాఫ్ అందలేదు. సామాజిక శాస్త్రాల పరిశోధనకు డబ్బిచ్చే కేంద్ర సంస్థ ఐసీఎస్ఎస్ఆర్ డాక్టోరల్ ఫెలోషిప్ నెలకు 20,000, పైన పరిశోధన ఖర్చులకు ఏడాదికి 20,000 కంటింజెన్సీ. ఇవి కాక నాగపూర్‌లోని మహాజ్యోతి సంస్థ ఓబీసీ, విముక్త జాతులు, సంచార తెగల పరిశోధకులకు ఫెలోషిప్ ఇస్తుంది. ఆమెది బీసీ కులమే కాబట్టి అది తేలిక దారి అనుకున్నాం.

తేలిక కాలేదు. మహారాష్ట్రలో ఓబీసీ ధ్రువపత్రం కావాలంటే 1967 అక్టోబరు 13 నాటికే కుటుంబం ఈ రాష్ట్రంలో ఉన్నట్టు కాగితం చూపాలి. సంచార తెగలకైతే 1961 నవంబరు 21. ఆమె తాత గనిలో చేరింది 1970ల్లో. పోనీ తెలంగాణ వైపు అడుగుదామంటే ఆమె పుట్టిందీ చదివిందీ ఇక్కడే, అక్కడ స్థానికత లేదు. ఒక రాష్ట్రంలోని కులహోదా వలస వెళ్లిన రాష్ట్రంలో రిజర్వేషన్ హక్కుగా చెల్లదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. అదే తరగతిలో చదివిన సిరోంచ అమ్మాయి ముత్తాత బడి రిజిస్టర్ నకలు తెచ్చి పని పూర్తి చేసుకుంది. ఇద్దరిదీ తెలుగే, ఇద్దరిదీ వెనుకబడిన కులమే. ఒకరికి నేల ఉంది, మరొకరికి లేదు.

పాత రికార్డుల కోసం ఆమె తాతగారి ఊరికి నాలుగుసార్లు వెళ్లి వచ్చింది. నాలుగోసారి నేనే ఆపాను. ఆ కాగితం దొరికే అవకాశం లేదని తేలాక కూడా తిరగడం, పోయిన చోటే వెతుక్కోవడం లాంటిదని అన్నాను. ఆ మాట అన్నాక ఇద్దరం ఒక్క క్షణం ఆగిపోయాం. ఆమె ఇంట్లో ఆ మనిషి ప్రతి ఓటమి తర్వాతా అన్న మాట అదేనట. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఈలోపు ఆమె ఇంటర్నెట్‌లో కెనడా స్కాలర్‌షిప్ ఒకటి వెతికి పట్టుకుంది. సరిగ్గా జూదం మీద పరిశోధన చేసే పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులకే. అల్బర్టా గ్యాంబ్లింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఇస్తుంది. ప్రభుత్వ డబ్బుతో, విశ్వవిద్యాలయాల కూటమిగా నడిచే సంస్థ. పది రోజులు కూర్చుని దరఖాస్తు రాసింది. నాకు చూపించాక అర్హతల పేజీ తీసి చదివాం. అల్బర్టా విశ్వవిద్యాలయాల్లో చదివేవాళ్లకు మాత్రమే. ఆ పది రోజులు వృథా అని నేను అనుకోవడం లేదు. ఆ దరఖాస్తు పత్రంలో ‘మీ ఫలితం ఎవరు వాడుకుంటారు?’ అన్న గడి ఉంది. ఆమె దాన్ని ఖాళీగా వదిలేసింది. అది ఖాళీగా ఉందన్న సంగతి ఇద్దరికీ కనబడింది.

డబ్బు ఎవరిది

అదే సమయంలో ఆన్‌లైన్ ఆటల రంగానికి చెందిన ఒక సంస్థ ‘బాధ్యతాయుతమైన ఆట’ మీద విద్యార్థుల పరిశోధనకు డబ్బిస్తామని ముందుకొచ్చింది. మొత్తం పెద్దది. ఆమెకు ఇంట్లో పెట్టిన గడువు దగ్గర పడుతోంది. “తీసుకుందామా మేడమ్?” అని అడిగింది. వద్దని చెప్పడం నాకు తేలిక, నాకు జీతం వస్తుంది కాబట్టి. అందుకే రెండు సాయంత్రాలు దీని మీదే కూర్చున్నాం.

జూద పరిశ్రమ డబ్బుతో పరిశోధన కొత్త కాదు. అమెరికాలో 1996లో క్యాసినో పరిశ్రమ డబ్బుతో ఒక జాతీయ కేంద్రం మొదలై, 2020 నుంచి అంతర్జాతీయ కేంద్రం పేరుతో గ్రాంట్లు ఇస్తోంది. ఆ డబ్బుతో పనికొచ్చే పరిశోధనలు వచ్చాయని చెప్పేవాళ్లూ ఉన్నారు, ఆ డబ్బు ప్రశ్నలనే మార్చేస్తుందని చెప్పేవాళ్లూ ఉన్నారు. పరిశ్రమకు ఇష్టమైన ప్రశ్న ఎప్పుడూ ‘ఆటగాడిలో ఏం లోపం ఉంది?’ అన్నది. ‘ఆటలో ఏం ఉంది?’ అన్నది కాదు. ఇది నా అభిప్రాయం, ఆమెకూ అలాగే చెప్పాను.

చివరికి తేల్చింది ఈ వాదన కాదు. నేను ఆమెను ఒకటే అడిగాను. “రేపు ఒకామె తాళి కుదువ పెట్టిన సంగతి నీకు చెబుతూ, నీకు జీతం ఎవరిస్తున్నారమ్మా అని అడిగితే, ఆమె కళ్లలోకి చూసి చెప్పగలవా?” ఆమె కాసేపు ఆలోచించి, చెప్పలేను అంది. అప్లై చేయలేదు. ఆ మూడు నెలలు ట్యూషన్లు రెట్టింపు చేసుకుంది. ఈ నిర్ణయానికి ఖరీదు ఉంది, దాన్ని కట్టింది ఆమె, నేను కాదు.

సరిహద్దు మీద కట్టిన ప్రశ్న

రెండో దరఖాస్తుకు మంచి ప్రశ్న దొరికిందనుకున్నాం. తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని ఆపింది. కంపెనీలు ఫోన్ ఉన్న చోటును చూసి తెలంగాణలో డబ్బు ఆటను మూసేశాయి. మహారాష్ట్రలో అది నడిచేది. సిర్పూర్ కాగజ్‌నగర్‌లో తెరుచుకోని ఆట బల్లార్‌పూర్‌లో తెరుచుకునేది. అటువైపు బంధువులు శనివారం రైలెక్కి వచ్చి ఆదివారం రాత్రిదాకా ఫోన్ మీదే ఉండటం ఆమె తన కాలనీలో చూసింది. ఒకే ఇంటి అన్నదమ్ములు సరిహద్దుకు అటొకరు ఇటొకరు. చట్టం ఎవరి ఆటను ఎలా మార్చింది? ఈ ప్రశ్న అడగడానికి మా జిల్లాకంటే మంచి చోటు ఏముంటుంది అనిపించింది. ఆ దరఖాస్తును చూసి నేను గర్వపడ్డాను.

ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. పది రోజులుందనగా, 2025 ఆగస్టు 21న ఆన్‌లైన్ గేమింగ్ బిల్లు పార్లమెంటు దాటింది. మరునాడే రాష్ట్రపతి సంతకం. నైపుణ్యమైనా అదృష్టమైనా సరే, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట దేశమంతటా నిషేధం. నడిపేవాళ్లకు మూడేళ్లదాకా జైలు, కోటి రూపాయలదాకా జరిమానా. ఆడేవాళ్లకు శిక్ష లేదు. ఆ వారంలోనే పెద్ద యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. మా ప్రశ్న నిలబడిన గీత చెరిగిపోయింది.

ఆ పది రోజుల్లో దరఖాస్తును అటూ ఇటూ లాగి సర్దాలని చూశాం. కుదరలేదు. కమిటీ రెండే అడిగింది. నిషేధం వచ్చేసింది కదా, ఇంకా ఈ పరిశోధన ఎందుకు? రెండోది, ఇంత ఇబ్బందైన అంశం నువ్వే ఎందుకు ఎంచుకున్నావు? మొదటిదానికి తడబడుతూనైనా జవాబు చెప్పింది. రెండోదానికి గొంతు పెగల్లేదు. ఇంటి సంగతి చెప్పకూడదని నేను నేర్పాను. ఆ సంగతి తప్ప ఆ ప్రశ్నకు నిజమైన జవాబు ఇంకొకటి లేదు. ‘సామాజిక ప్రాధాన్యం ఉన్న అంశం కాబట్టి’ అని చెప్పి బయటికి వచ్చింది. ఫెలోషిప్ రాలేదు.

ఆ రాత్రి ఫోన్ చేసి, “మేడమ్, అప్పులైతే బ్యాన్ కాలేదు కదా” అంది. నిషేధం ఆటను ఆపవచ్చు, చేసిన అప్పు ఇంట్లోనే ఉంటుంది, వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఆమెకు తెలియకుండానే మూడో దరఖాస్తు ఆ మాటతో మొదలైంది.

మాటల పరీక్ష

మూడోసారి రాసేముందు ఒక చిన్న పని పెట్టుకున్నాం. కళాశాల నైతిక కమిటీ అనుమతి తీసుకుని, పన్నెండు మంది తెలుగు ఆడవాళ్లతో పీజీఎస్ఐ ప్రశ్నల తెలుగు చదివి వినిపించాం. మీ ఇంట్లో ఎవరైనా ఆడతారా అని అడగలేదు. ఈ మాట వింటే మీకు ఏం అర్థమైంది అని మాత్రమే అడిగాం. ఇళ్ల గుట్టు జోలికి పోకుండా భాషను పరీక్షించవచ్చు, అనుమతీ త్వరగా వస్తుంది. ఆ కేసంతటిలో నాకు బాగా తృప్తినిచ్చిన పని ఇదే.

‘జూదం’ అన్న మాట దగ్గరే మొదటి గోడ. ఒక పెద్దామె, “మా ఆయన పత్తాలు ఆడుతడు గని జూదం ఆడడమ్మా” అంది. వాళ్ల లెక్కలో రమ్మీ ఆట, మూడు ముక్కలు జూదం, నంబర్ రాయించడం రెండూ కాదు, ఏదో ఖర్చు. సుప్రీంకోర్టు 1968లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక క్లబ్బు కేసులో రమ్మీ నైపుణ్యం గల ఆట అనీ, మూడు ముక్కల ఆటలా పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదనీ చెప్పింది. ఆ తీర్పు సంగతి మా కాలనీ ఆడవాళ్లకు తెలియదు, అయినా వాళ్లు గీసిన గీత అదే. ‘జూదం’ అని అడిగే సర్వేకు ఈ ఇళ్లలో సగం ఆట కనిపించదు. కాబట్టి ఆటల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పి అడగాలని తేలింది.

రెండోది ఇంకా లోతైనది. పోయిన డబ్బు తిరిగి గెలవడానికి మరో రోజు వెళ్లారా అన్నది పీజీఎస్ఐలో ఒక కీలక ప్రశ్న. రుగ్మత ఆనవాళ్లలో ఇది ముఖ్యమైనది. మన వాళ్లకు అది తప్పుగా వినబడలేదు. “పోయిన చోటే కదా వెతుక్కోవాలె” అని ఏడుగురు అన్నారు. తెలివైన పనిగా, పట్టుదలగా వినబడింది. అందుకే దీన్ని మార్చి, ‘పోయింది రాబట్టాలని వెళ్లి, ఇంకా పోగొట్టుకొచ్చిన రోజులు ఉన్నాయా?’ అని అడిగి చూశాం. అప్పుడు గది నిశ్శబ్దమైంది. అయితే ఇలా మార్చితే అది అసలు కొలత కాదు, దాని మార్కులను వేరే దేశాల మార్కులతో పోల్చలేం. దరఖాస్తులో ఆ సంగతి దాచకుండా రాశాం. అసలు ప్రశ్నను అలాగే ఉంచి, ఇది పక్కన అదనపు ప్రశ్నగా పెడతామని చెప్పాం.

పాత ప్రశ్నాపత్రాల నుంచి ఆమె తీసుకున్న మరో ప్రశ్న, జూదం కోసం దొంగతనం, మోసం చేశారా అన్నది. దాన్ని తీసేయమన్నాను. డీఎస్ఎం-5లో కూడా 2013లో ఆ లక్షణాన్ని తొలగించారు. మాకు ఇంకో కారణం ఉంది. మహారాష్ట్రలో 1887 నాటి జూద నిరోధక చట్టం ఇంకా అమల్లో ఉంది. పోలీసులో కోర్టో అడిగితే పరిశోధకురాలి నోట్‌బుక్‌కు మన దేశంలో ప్రత్యేక రక్షణ లేదు. రాసుకోనిది ఎవరూ లాక్కోలేరు.

మూడో దరఖాస్తు

ఈసారి పేరులో ‘ప్రభావం’ లేదు. ప్రశ్న ఒకటే: అప్పు బయటపడ్డాక ఇంట్లోని ఆడవాళ్లు మొదట ఎవరికి చెప్పారు, ఆ మనిషికే ఎందుకు, తర్వాత ఏం జరిగింది?

ఆటగాళ్లను వదిలి ఇంటివాళ్ల దగ్గరికి ఎందుకు వెళ్లామంటే, మొదటి కారణం చట్టం. తన నేరం తాను చెప్పుకోవాల్సిన అవసరం ఆ ఆడవాళ్లకు లేదు. ఆస్ట్రేలియా పరిశోధకులు 2017లో ఒక సమస్యాత్మక జూదరి వల్ల సుమారు ఆరుగురు దెబ్బతింటారని అంచనా వేశారు. ఆ ఆరుగురు మా దగ్గర ఎవరన్నది ఎవరూ అడగలేదు. నా గురువారం గదిలో నాకు తెలిసింది కూడా దీనికి తోడైంది. జూదం అని చెప్పి మా దగ్గరికి ఎవరూ రారు. నిద్ర పట్టడం లేదని వస్తారు. బీపీ అని, తాగుడు అని, ఇంట్లో గొడవలని వస్తారు. నాలుగో వారం అప్పు సంగతి వస్తుంది, ఆరో వారం ఆట సంగతి. ఆ ఆరు వారాల దారి ఎవరైనా రాసి పెడితే ఆశా కార్యకర్తకో, కాలనీ ఆస్పత్రి నర్సుకో రెండో వారంలోనే అడగడం తెలుస్తుంది. కెనడా పత్రంలో ఖాళీగా మిగిలిన గడికి జవాబు దొరికింది. ఇంకో మాట, ఈ ప్రశ్న ఏ చట్టం మీదా ఆధారపడలేదు. రమ్మీ ఉన్నా పోయినా, సట్టాపట్టీ ఉన్నా పోయినా నిలుస్తుంది.

ప్రమాదం మాత్రం అటు నుంచి ఇటు మారింది. ఆడవాళ్లు మాట్లాడారని ఇంట్లో తెలిస్తే దెబ్బలు పడవచ్చు. దీని మీద రెండు పేజీలు రాశాం, మొత్తం దరఖాస్తులో అదే పెద్ద భాగం. మాట్లాడేది ఇంట్లో కాదు, కుట్టు తరగతి జరిగే గదిలో. ఇంటికి ఏ కాగితమూ పంపం. సంతకం బదులు సాక్షి ముందు నోటిమాటతో సమ్మతి, నైతిక కమిటీ చర్చించాకే ఒప్పుకుంది. పిలిచేటప్పుడు ‘ఇంటి అప్పులు, ఆరోగ్యం’ అంటాం, కూర్చున్నాక ఆట సంగతి కూడా అడుగుతామని ముందే విడమరిచి చెబుతాం, ఇష్టం లేకపోతే టీ తాగి వెళ్లిపోవచ్చు. పేర్లు రాయం. ఎవరైనా కుంగిపోయి కనిపిస్తే ఏం చేయాలో అంచెలంచెలుగా రాశాం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ టెలిమానస్ 14416 నంబరు, గురువారం గది, జిల్లా ఆస్పత్రి మానసిక విభాగం.

బడ్జెట్ ఏడాదికి వచ్చే 20,000 కంటింజెన్సీ లోపలే కట్టాం. బస్సు చార్జీలు 6,000. ముప్పై మందికి పోయిన కూలీ గంటల కింద తలా 200 చొప్పున 6,000. ప్రింట్లకు 2,000. రికార్డర్, తాళం వేసే బీరువా 6,000. ల్యాప్‌టాప్ అడగలేదు. మనిషికి 200 ఇవ్వడం మాటలు కొనడం కాదా అని మా కళాశాలలో ఒకరు అన్నారు. బీడీలు చుట్టుకునే ఆమె మా కోసం రెండు గంటలు పోగొట్టుకుంటే ఆ నష్టం ఆమె మీద వేయడం నాకు సరిగా అనిపించలేదు. ఆ పద్దు అలాగే ఉంచాం.

ఇంటి కథ మళ్లీ వచ్చింది. ఈసారి మూడే వాక్యాలు. తన కుటుంబంలో ఒకరు జూదం వల్ల నష్టపోయారని, అందుకే తన సొంత కాలనీలో ఇంటర్వ్యూలు చేయనని, తన కోపం విశ్లేషణలోకి రాకుండా ప్రతి ఐదో ఇంటర్వ్యూను వేరొకరు కూడా చదివి గుర్తులు పెడతారని రాసింది. రాసేముందు ఇంట్లో ఆ మనిషిని అడిగి ఒప్పించుకుంది. అడగమని నేను చెప్పలేదు. ఆ సంభాషణ ఎలా జరిగిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇంటర్వ్యూలో మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. నువ్వే ఎందుకు? “మా ఇంట్లో అప్పు బయటపడినప్పుడు మా అమ్మ ఎవరికి చెప్పాలో తెలియక ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు సర్. ఎవరికి చెప్పి ఉండాల్సిందో నాకు ఇప్పటికీ తెలియదు” అందట. కమిటీలో ఒకాయన నిషేధం సంగతి ఎత్తితే, “ఆట ఆగింది, అప్పులోడు ఆగలేదు సర్” అంది. ఫెలోషిప్ వచ్చింది.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు ఎవరు దరఖాస్తు తెచ్చినా ముందు అర్హతల పేజీ, కులం కాగితాల తేదీలు చూస్తాను, వాక్యాలు తర్వాత. సరిహద్దు కుటుంబాల పిల్లలకు ఇది మొదటి రోజే చెప్పాల్సిన సంగతి. నేను మూడు నెలలు ఆలస్యంగా చెప్పాను.

సొంత గాయం ఉన్న విద్యార్థికి దాన్ని దాచమని చెప్పడం మానేశాను. దాచితే అది ఇంటర్వ్యూలో గొంతులో అడ్డం పడుతుంది. మొత్తం పరిచినా పనికిరాదు. ఆ గాయం వల్ల పరిశోధనలో ఏ పక్షపాతం రావచ్చు, దానికి ఏం కట్టుదిట్టం చేశాం అన్న రెండు మాటల దగ్గర దానికి చోటు ఉంది.

వార్తల్లో వేడిగా ఉన్న చట్టం మీద ప్రశ్న కట్టడానికి వెనకాడుతున్నాను. రెండో దరఖాస్తు చెడ్డది కాదు, ఇప్పటికీ అది ఎవరైనా చేయాల్సిన పనే అనిపిస్తుంది. కానీ ఏడాది గడువు మీద బతుకుతున్న విద్యార్థికి అది తగిన పందెం కాదు. ఆ మాట అప్పుడే నాకు తట్టి ఉండాల్సింది.

ఒక విషయం ఇంకా తేలలేదు. పీజీఎస్ఐలో చివరి ప్రశ్నల్లో ఒకటి, ఆట గురించి గానీ ఆడినప్పుడు జరిగిన వాటి గురించి గానీ తప్పు చేశానన్న భావన కలిగిందా అన్నది. దీన్ని ఇంటివాళ్లకు అన్వయించి అడిగితే ఆడవాళ్లు తమ తప్పు గురించి మొదలుపెడుతున్నారు. ‘నేనే ముందు పట్టుకోవాల్సింది’, ‘నేనే బంగారం ఇచ్చాను’ అని. ‘తప్పు’ అని అడిగితే అలా. ‘సిగ్గు’ అంటే చుట్టాల గురించి చెబుతున్నారు. ‘మనసు కలుక్కుమందా’ అంటే ఏడుస్తున్నారు. మూడు మాటలూ ఒక కాగితం మీద పెన్సిల్‌తో రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టి పంపింది. వచ్చే గురువారం ఆ గదిలో కూర్చునే ఆడవాళ్లనే అడగాలని అనుకున్నాం.